మూత ఓ మోస్తరుగా బిగించండి

మేడమీది నా గది నుంచి,
మొదటి వాన పడ్డ సాయంత్రం

వదినా,

ఉద్యోగం దొరికింది! నవ్వకు. "బీమా ఆఫీసులో చేరినప్పుడూ ఇలాగే గంతులేశావు, ట్రావెల్స్ కౌంటర్ గురించీ ఇలాగే రాశావు, కుర్చీ వేడెక్కకుండానే రెండూ వదిలేశావు" అని నువ్వు అనబోయే మాట నాకు ఇక్కడికే వినబడుతోంది. మీ కొండమీద ఫోన్లో సగం మాటలు గాలికే పోతాయి గానీ, నీ వెక్కిరింపుకి మాత్రం సిగ్నల్ అక్కర్లేదు. అందుకే ఉత్తరం. ఇందులో అయితే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

ఊపిరి సరిగా ఆడనివాళ్లు ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ యంత్రాలు తయారుచేసే కంపెనీ ఇది. కింది అంతస్తులో యంత్రాలు, పైన మేము. మేమంటే, యంత్రంతో పాటు డబ్బాలో పెట్టే ఇంగ్లీషు కాగితం రాసేవాళ్లం. ఇది ఇక్కడ తగిలించండి, అది అక్కడ నొక్కండి అని. ఎన్నో దేశాలకు పోతుంది కాబట్టి ఇంగ్లీషు తప్పదు. చదివేవాళ్లకేమో బళ్లో నేర్చుకున్నంతే వచ్చు.

అసలు సంగతి ఇప్పుడు విను. ఒకరు రాసిన కాగితాన్ని ఇంకొకరు చదివి అడుగున ఒక్క వాక్యం రాయాలి. 'దిస్ పేజ్ ఈజ్' అని ఉంటుంది, ఆ తర్వాత ఖాళీ, ఖాళీ తర్వాత 'క్లియర్'. ఆ ఖాళీలో ఏ మాట పెట్టాలన్నదే మా తలనొప్పంతా! గోడమీద నిచ్చెన బొమ్మ వేసి ఉంది. కింది మెట్టు 'బేర్లీ'. దానిమీద 'సమ్‌వాట్', 'ఫెయిర్లీ', 'రీజనబ్లీ', 'వెరీ'. అన్నిటికన్నా పైన 'పర్ఫెక్ట్‌లీ'. నేను వాటికి మన మాటలు వెతుక్కున్నాను: అతికష్టం మీద, కాస్తో కూస్తో, ఫర్వాలేదనేట్టుగా, ఓ మోస్తరుగా, చక్కగా, తేటతెల్లంగా. రాత ఎంతవరకు అర్థమవుతోందో కొలవడానికి మనుషులు ఇన్ని మాటలు పుట్టించారంటే నాకు ఒళ్లు పులకరించిపోతోంది. దారినపోయేవాళ్లనీ వదలడం లేదు. మా ఇంటావిడ అద్దె గురించి మాట్లాడితే తేటతెల్లం, పంపు నీళ్ల గురించి మాట్లాడితే కాస్తో కూస్తో.

పై మెట్టు ఇంతవరకు ఎవరూ ఎక్కలేదు. అది రాయాలంటే, యంత్రం ఎప్పుడూ చూడని బయటివాళ్లు ఒంటరిగా కాగితం చదివి దాన్ని నడిపి చూపించాలని మా మేడం షరతు. అంత అవస్థ ఎందుకని అందరూ మధ్యలో ఆగిపోతారు. మా సీనియర్ ఒకాయన ఏ కాగితానికైనా 'ఫెయిర్లీ' అనే రాస్తాడు. పేరే ఫెయిర్లీ గారు అయిపోయింది. నేను ఊరుకోలేక, "నా మొదటి కాగితమే పై మెట్టు ఎక్కుతుంది" అనేశాను. హాలంతా నవ్వు. మేడం మాత్రం నవ్వలేదు. "సరే, అదే నీ పరీక్ష. కాగితం నిలబడితే నువ్వూ నిలబడతావు" అంది.

నిలబడకపోతే ఏమిటో నీకు తెలుసు. పెద్దమామయ్య స్టేషనరీ కొట్లో అమ్మ నాకోసం ఇప్పటికే ఒక స్టూలు చూసిపెట్టింది.

నీ హాస్పిటల్‌కి ఒక యంత్రం పంపిస్తాం. నీ దగ్గరికొచ్చే మనుషులతో చదివించవూ?

నీ మరదలు

*

హాస్పిటల్ క్వార్టర్స్,
మంచు దిగిన పొద్దున

ఏమే మరదలు పిల్లా,

నీ ఉత్తరం మందుల వ్యాన్లో సెలైన్ సీసాల పక్కన కూర్చుని వచ్చింది. చదివి మీ అన్నయ్యకి వినిపించాను. "కొలవడానికి దీనికి వేరే ఏం దొరకలేదా?" అన్నారు. అని ఊరుకోకుండా, సాయంత్రం వరకు ఎక్స్‌రే ఫిల్ములన్నీ వెలుతురుకి ఎత్తిపట్టుకుని "ఇది ఫెయిర్లీ క్లియర్, ఈ మోకాలు సమ్‌వాట్ క్లియర్" అంటూ కూర్చున్నారు. డాక్టరు గారు తలుపు దగ్గర నిలబడి, "ఎముక విరిగిందా లేదా అది చెప్పవయ్యా" అనేదాకా ఆపలేదు.

మొన్న మీ అన్నయ్యని "నేను వండింది ఎలా ఉంది?" అని అడిగితే "రీజనబ్లీ" అన్నారు. ఆ మాటకి నువ్వు రాసిన తెలుగు నాకు గుర్తుంది. రాత్రి ఆయన కంచం ఆయనే కడుక్కున్నారు.

పంపించు నీ యంత్రం. ఇక్కడివాళ్లకి నువ్వు చెప్పినంత ఇంగ్లీషే వచ్చు. ఒక్కటి మాత్రం చెబుతున్నా. ఆ స్టూలు మీద నిన్ను నేను కూర్చోనివ్వను. నువ్వు ఇంట్లోంచి బయటికి రావడానికి అత్తయ్యతో పోట్లాడింది నేను. నా పరువు కూడా ఆ డబ్బాలోనే వస్తోంది.

వదిన

*

మేడమీది గది,
కరెంటు వచ్చీపోతున్న మధ్యాహ్నం

వదినా, వదినా,

యంత్రం బయలుదేరింది, కాగితం దానిమీద ఉంది. చిన్న పేజీయే. కానీ ఒక్కో వాక్యం ఎన్నిసార్లు కొట్టేసి రాశానో నా వేళ్ల సిరా చెబుతుంది.

కాగితంలో నాకెంతో ఇష్టమైన లైను ఒకటుంది. యంత్రం గాలిని ఒక నీళ్ల సీసాలోంచి పంపుతుంది, ముక్కు ఎండిపోకుండా. ఆ సీసాకి మూత ఉంది. వదులైతే గాలి పక్కనుంచి జారిపోతుంది, మరీ బిగిస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది. ఈ రెంటి మధ్యా ఉండేదాన్ని ఒక్క మాటలో ఎలా చెప్పడం? రోజంతా కూర్చుని నిచ్చెన మీద ఒక్కో మెట్టూ తట్టి చూశాను. చివరికి దొరికింది: 'మేక్ ది లిడ్ రీజనబ్లీ టైట్'. ఓ మోస్తరుగా బిగించండి! ఎంత కుదిరిందో చూడు. ఫెయిర్లీ గారు సైతం కళ్లజోడు పైకి తోసి, "ఈ మాట ఇక్కడ అతికినట్టుందమ్మా" అన్నాడు. ఆయన నోటి నుంచి 'ఫెయిర్లీ' కాని మాట రావడమే ఒక వార్త.

ఒక్కటే షరతు. నువ్వు నోరు విప్పకూడదు. వాళ్లు అడిగినా చెప్పకూడదు. నీకది ఎంత కష్టమో తెలుసు. అయినా నాకోసం.

*

హాస్పిటల్ క్వార్టర్స్,
ఎండ కాసిన రోజు

మరదలా,

గెలిచావే! నోరు విప్పలేదు, ఒట్టు. పెదవులు నొక్కిపట్టి గోడలా నిలబడ్డాను. మీ అన్నయ్య "నీకు పంటినొప్పా?" అని అడిగారు.

బస్సు కండక్టర్ చదివాడు, యంత్రం నడిపాడు. ఇస్త్రీ షాపావిడ చదివింది, నడిపింది. కాలేజీకి వెళ్లే అమ్మాయీ, ఆ అమ్మాయి తాతా, మా వాచ్‌మనూ, అందరికీ వచ్చేసింది. ఎవరూ నీ ఇష్టమైన లైను దగ్గర ఆగలేదు. చదివారు, నా వైపు ఓసారి చూశారు, చక్కగా తిప్పి వదిలారు. అచ్చం నేను వార్డులో రోజూ తిప్పినట్టే!

ఒక్క తాపీమేస్త్రీ దగ్గర మాత్రం మూత చిట్లింది. అప్పుడు నేను పక్క గదిలో ఇంజెక్షన్ ఇస్తున్నాను. కళ్లజోడు లేకుండా చదివి ఉంటాడులే. అతన్ని లెక్కలో వేయలేదు. ఇంకో మూత పెట్టాను.

పర్ఫెక్ట్‌లీ అని రాయించుకో. పెద్దమామయ్యని ఆ స్టూలు మీద సరుకు పెట్టుకోమను.

*

ఆఫీసు బల్ల దగ్గర నుంచే,
ఆగలేక

వదినా!

నీ ఉత్తరం మేడం ముందు చదివాను. మేస్త్రీ కళ్లజోడు గురించి చదివినప్పుడు అందరూ నవ్వారు, నేను మరీ ఎక్కువ నవ్వాను. మేడం నవ్వలేదు గానీ పెన్ను తీసింది. ఖాళీలో 'పర్ఫెక్ట్‌లీ' అని ఆవిడ చేత్తో రాసింది, కింద నేను సంతకం పెట్టాను. ఆ తొందరలో నా పేరే 'సమ్‌వాట్ క్లియర్'గా పడింది.

కాగితం ప్రింటింగుకి వెళుతోంది. ఆ తర్వాత యంత్రాలన్నిటితోనూ ప్రయాణం! నేనెప్పుడూ చూడని ఊళ్లో, నేనెప్పుడూ చూడని ఒకావిడ, తన తండ్రి పక్కన కూర్చుని నా వాక్యం చదువుతుంది. ఈ ఆలోచనకే కాళ్లు నేలమీద ఆగడం లేదు. శుక్రవారం మా హాల్లో కేకు కోస్తారట. నీ ముక్క ఊహించుకుని నేనే తినేస్తా.

*

వార్డులోంచి,
ఒకరికి పిండికట్టు వేసిన చేతులతో

మరదలా,

ఇది తెచ్చేది మీ అన్నయ్యే. కింది ఊరికి దిగి ఫోన్ చేయొచ్చు కదా అన్నారు. ఫోన్లో చెబితే నువ్వు సగం విని "సరేలే వదినా" అంటావు. కూర్చుని చదువు.

ఇక్కడ ఒక దర్జీ ఆవిడ ఉంది. తండ్రికి ఊపిరి కష్టంగా ఉంది, ఇంటికి యంత్రం కావాలి. ముందు కాగితం చదివి నడిపి చూపించమన్నాను. సరిగ్గా అప్పుడే ఒకాయన చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చాడు. నా రెండు చేతులూ తడి పిండికట్టులో ఉన్నాయి, వీపు ఆవిడ వైపు ఉంది. వెనక యంత్రం ఝుమ్మని మొదలైంది. "అయిపోయింది నర్సమ్మా, పచ్చ లైటు వెలిగింది" అంది. ఎంత సంతోషమో ఆవిడకి! నేను వెళ్లి ట్యూబు చివర చెంప దగ్గర పెట్టుకున్నాను. గాలి లేదు. మూత వంకరగా కూర్చుంది. సగం తిప్పి ఆపేసింది. లైటు పచ్చగా ఉంది, చప్పుడు చక్కగా ఉంది, గాలి మాత్రం రావడం లేదు.

"ఏమిటమ్మా ఇలా వదిలేశారు?" అంటే, "రీజనబ్లీ టైట్ అంది కదండీ. చొక్కా కాలరు ఓ మోస్తరు బిగువు అంటే వేలు దూరేంత. అంతే పెట్టాను" అంది.

మిగతావాళ్లకి ఎలా వచ్చింది మరి? మీ అన్నయ్య ఎక్స్‌రే గది తలుపు దగ్గర నిలబడి నెమ్మదిగా అన్నారు: "నోరు విప్పలేదు గానీ నీ చెయ్యి గాల్లో తిరుగుతూనే ఉంది. వాళ్లు మూత పట్టుకోగానే నువ్వూ తిప్పేదానివి. నువ్వు ఆపిన చోటే వాళ్లూ ఆపేవాళ్లు. అది నీ అలవాటులే అనుకున్నాను."

నాకు తెలియనే లేదే! వాళ్లు చదివింది నీ కాగితాన్ని కాదు, నా చేతిని. నువ్వు గెలవాలని నేను ఎంతగా కోరుకున్నానో నా వేళ్లకి నాకంటే ముందు తెలుసు.

ఇంకోటి. మేస్త్రీ కళ్లజోడు ఆ రోజు అతని ముక్కు మీదే ఉంది. నేను చూశాను. ఇటుకలు పట్టే చేతికి 'ఓ మోస్తరు' అంటే చిట్లేంత. చూసి కూడా నీకు అలా రాశాను.

ప్రింటింగు ఆపు. స్టూలు సంగతి తర్వాత చూద్దాం.

వదిన

*

మేడమీది గది,
కేకు కోయాల్సిన శుక్రవారం

వదినా,

అన్నయ్య వచ్చేసరికి కత్తి నా చేతిలో ఉంది. ఒంటినిండా దుమ్ము, చేతిలో ఎక్స్‌రే కవరు. అందులోంచి నీ ఉత్తరం తీశాడు. "ముందు కేకు కొయ్యి" అన్నారు అందరూ. అన్నయ్య "ముందు చదువు" అన్నాడు. నిలబడే చదివాను. కూర్చుని చదవమన్నావు, నిజమే, కూర్చోవాల్సింది.

ఫెయిర్లీ గారు నా పక్కకొచ్చి మెల్లగా, "ఎవరికీ చెప్పకమ్మా. కొట్టేసి ఫెయిర్లీ అని రాసెయ్. అచ్చు ఆగదు, నీ ఉద్యోగమూ పోదు. ఆ మాటతో ఇంతవరకు ఎవరికీ ఏ గొడవా రాలేదు" అన్నాడు. పాపం, మంచికే చెప్పాడు. ఒక్క క్షణం నా చెయ్యి అటే వెళ్లింది, అబద్ధం ఎందుకు? అప్పుడు దర్జీ ఆవిడ గుర్తొచ్చింది. పచ్చ లైటు చూసి సంతోషపడుతూ తండ్రి పక్కన కూర్చుని ఉంటుంది, ట్యూబులో గాలి ఉండదు.

మేడం గదిలోకి వెళ్లి, ఆవిడ రాసిన 'పర్ఫెక్ట్‌లీ' మీద ఆవిడ ఎదుటే గీత కొట్టి 'బేర్లీ' అని రాశాను. ఆవిడ ప్రెస్సుకి ఫోన్ చేసి ఆపించింది. తర్వాత, "పై మెట్టు నుంచి అడుక్కి ఇంత గబగబా దిగినవాళ్లని నేను చూడలేదు" అంది. ఒక తెల్లకాగితం నా ముందు పెట్టి, "మళ్లీ రాసి నిలబెట్టడానికి నెలాఖరు దాకా టైముంది. తర్వాత నేను కూడా ఏం చేయలేను" అంది.

ఏడుపు రావాలి కదా, రావడం లేదు! బుర్రలో ఆ ఒక్క మాటే గిరగిర తిరుగుతోంది. నేను కాగితాన్ని కొలిచే మాటని కాగితం లోపల పెట్టేశాను వదినా. ఎంత అర్థమైందో కొలవడానికి 'రీజనబ్లీ' బాగుంటుంది. మూత తిప్పే వేళ్లకి అది ఏం చెబుతుంది? దర్జీకి దర్జీ కొలత, మేస్త్రీకి మేస్త్రీ కొలత. కింది అంతస్తుకి పరిగెత్తాను. సీసా మీద ఒక బాణం, మూత మీద ఒక బాణం ఎప్పట్నుంచో ఉన్నాయి! ఎవరూ వాటి గురించి రాయలేదు. రెండు బాణాలూ ఎదురెదురుగా వచ్చేదాకా తిప్పండి, అంతే. ఇంకో లైను కూడా కలిపాను. ముక్కుకి పెట్టుకునే ముందు ట్యూబు చివర గ్లాసు నీళ్లలో ముంచండి. బుడగలు వస్తే గాలి వస్తున్నట్టు. రాకపోతే మూత మళ్లీ చూడండి.

కొత్త కాగితం అన్నయ్య చేతికే ఇచ్చాను. కేకు కూడా. మళ్లీ చదివించు. దర్జీ ఆవిడతోనూ, మేస్త్రీతోనూ. కానీ వదినా, నీ చేతులు...

*

హాస్పిటల్ క్వార్టర్స్,
వాన వెలిసిన సాయంత్రం

మరదలా,

నా చేతుల సంగతి మీ అన్నయ్య చూసుకున్నారు. నన్ను కుర్చీలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, చేతులు వెనక్కి పెట్టి శాలువాతో కట్టేశారు. "పెళ్లయినప్పట్నుంచీ ఈ అవకాశం కోసం చూస్తున్నాను" అన్నారు. "రేపు నావి విప్పాక మీవి కడతా" అన్నాను. డాక్టరు గారు వచ్చి చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయారు.

కాబట్టి నేను చూసిందేమీ లేదు, విన్నదే రాస్తున్నా. ముందు మేస్త్రీ. గొంతు సవరించుకున్నాడు, మెల్లగా చదువుకున్నాడు. మూత గరగరలాడింది. 'ఇక చిట్లుతుంది, చిట్లుతుంది' అని నేను గోడకేసి పళ్లు బిగపట్టాను. ఆగింది! "బాణాలు కలిశాయమ్మా, ఇంక తిప్పమన్లేదు" అన్నాడు.

తర్వాత దర్జీ ఆవిడ. కాగితం తిప్పిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. శాలువాలో నా వేళ్లు మెలికలు తిరిగిపోయాయి. ఝుమ్మని యంత్రం. గ్లాసు చప్పుడు. మళ్లీ ఏమీ లేదు. "అయ్యో, రావట్లేదే" అంది తనలో తను. నోటిదాకా వచ్చింది, "మూత చూడండమ్మా" అని. మింగాను. కాగితం మళ్లీ తిప్పింది. మూత గరగర. ఇంకోసారి గ్లాసు.

"నర్సమ్మా! ముత్యాలొస్తున్నాయి! ఇటు తిరగండి, ముత్యాలు!"

ఎలా తిరగను, కట్టేసి ఉన్నానాయె. కుర్చీతో సహా తిరిగాను. గ్లాసు నిండా బుడగలు, ఒకదాని వెనక ఒకటి. ఆవిడ అటు చూసి ఇటు చూసి, నన్ను చూసి, "మిమ్మల్ని ఎవరు కట్టేశారండీ?" అంది.

తండ్రిని ఇంటికి తీసుకెళ్లింది. ఈసారి నేను ఏ మాటా రాయను. ఖాళీ నువ్వే నింపుకో.

వదిన

*

ఆఫీసు, కిటికీ పక్కన నా సొంత బల్ల నుంచి,
నెల మొదట్లో

వదినా,

సొంత బల్ల అని రాశాను, చూశావా? ఇంకోసారి చదువు.

మేడం నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. కుర్చీతో సహా తిరిగిన చోట నవ్వింది! అవును, ఆవిడే, పైకి వినబడేట్టు. తర్వాత కాగితం నా ముందుకి తోసి, "ఈసారి నువ్వే రాయి" అంది. హాలంతా నా భుజం మీదుగా వంగింది. 'దిస్ పేజ్ ఈజ్', ఖాళీ, 'క్లియర్'. నేను ఖాళీలో ఏమీ రాయకుండా సంతకం పెట్టాను.

"ఏదో ఒకటి పెట్టాలి కదమ్మా" అన్నాడు ఫెయిర్లీ గారు. "ఎంత క్లియరో తెలియాలిగా?"

"గ్లాసులో బుడగలు ఓ మోస్తరుగా రావు కదండీ. వస్తే వస్తాయి, లేకపోతే లేదు" అన్నాను.

ఆయన తన డ్రాయరులోంచి పాత కాగితం ఒకటి తీసి, "దీన్ని కూడా ఎవరిచేతైనా చదివిద్దామా?" అన్నాడు. ఇప్పుడు మా హాల్లో కొత్త పద్ధతి వచ్చింది. కాగితం రాసినవాళ్లు గోడవైపు తిరిగి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. పొద్దున ఫెయిర్లీ గారు అలా కూర్చుని, చెవులు ఎర్రబడి, "వచ్చిందా, వచ్చిందా?" అని అడుగుతుంటే చూడాల్సింది నువ్వు. నిచ్చెన మాత్రం గోడమీదే ఉంది. నాకు ఆ మాటలంటే ఇంకా ప్రాణమే. మనుషుల గురించి మాట్లాడటానికి కావాలి కదా.

పెద్దమామయ్య స్టూలు మీద కార్బన్ పేపర్ల కట్ట పెట్టాడట. అమ్మ ఫర్వాలేదనేట్టుగా సంతోషించింది.

ఇక్కడ యంత్రాల డబ్బాలు లారీకి ఎక్కుతున్నాయి. ప్రతి దాంట్లో మన కాగితం ఉంది. దాని పక్కన నువ్వు నిలబడి ఉండవు, నేనూ ఉండను. అయినా బుడగలొస్తాయి.

ఇక నీ చేతులు విప్పమను అన్నయ్యని. వచ్చే నెల సెలవు దొరికింది, నేను కొండెక్కి వస్తున్నా. బస్సు మలుపు తిరగ్గానే కిటికీలోంచి చూస్తాను. రెండు చేతులూ ఊపుతూ ఉండు.

నీ మరదలు